సరదా ప్రత్యర్థి: నవ్వు మాటల్లో, పోటీ అంకెల్లో

వింత జీవుల్ని పట్టి, పెంచి, పోరాడించే పోకెమాన్ వీడియో గేముల్లో కొత్తది వచ్చిన ప్రతిసారీ, అందులోని రైవల్ (ప్రత్యర్థి) గురించి ఆడేవాళ్ల మధ్య అదే తగువు మళ్లీ మొదలవుతుంది. "పాత రైవల్‌కి ఎంత పొగరు! వాణ్ని ఓడిస్తే కడుపు నిండేది. ఇప్పుడొచ్చేవాళ్లు మన వెనకాలే చప్పట్లు కొట్టుకుంటూ తిరుగుతారు" అని ఒక వర్గం వాదిస్తుంది. "ఎదుటివాడు తిడితేనే పోటీయా? స్నేహితుల మధ్య పంతం ఉండదా?" అని ఇంకో వర్గం అడుగుతుంది. రెండు మాటల్లోనూ నిజముంది. చిక్కల్లా ఇద్దరూ మూడు వేర్వేరు గుణాలను ఒకే మూట కట్టి మాట్లాడటంలో ఉంది. ఆ మూట విప్పితే సగం తగువు తీరిపోతుంది.

ముందుగా, రైవల్ అంటే ఎవరు?

రోల్ ప్లేయింగ్ గేముల్లో మనతో పోరాడేవాళ్లందరూ రైవల్స్ కారు. విలన్‌కి మనతో పోటీ ఉండదు, మనం అతని దారికి అడ్డం మాత్రమే. బాస్ ఒక చోట కూర్చుని ఉంటాడు, అక్కడికి మనమే వెళ్లాలి. రైవల్ అలా కాదు. మనం బయల్దేరిన ఊళ్లోనే బయల్దేరతాడు, మనం వెళ్లే చోటికే వెళ్తాడు, దారిలో నాలుగైదుసార్లు ఎదురై తన బలం మన బలంతో కొలుచుకుంటాడు. మనం పెరిగినట్టే అతనూ పెరగాలి. అంటే రైవల్ ఒక కొలబద్ద. మనం ఎంత దూరం వచ్చామో అతని టీమ్ చూస్తే తెలుస్తుంది.

ఈ కొలబద్ద పని బాగా చేసిన మొదటి పాత్రల్లో ఒకడు 1996లో జపాన్‌లో వచ్చిన పోకెమాన్ రెడ్, గ్రీన్ గేముల్లోని బ్లూ. మనకి మొదటి జీవిని ఇచ్చే ప్రొఫెసర్ ఓక్ మనవడు, నోటి దురుసు మనిషి. అతనిలో నవ్వు లేదని కాదు. ఉన్నదంతా వెక్కిరింపు నవ్వు. సరదా రైవల్ సంగతి మాట్లాడేటప్పుడు అందరూ వేలు చూపించేది ఇతనివైపే కాబట్టి, ఇతన్ని పక్కన నిలబెట్టుకునే మిగతావాళ్లను చూడాలి.

సరదా వేరు, మంచితనం వేరు, మెతకదనం వేరు

సరదా అంటే మాట తీరు: హుషారు, తొందర, నవ్వు. మంచితనం అంటే మన పట్ల వైఖరి: సాయం చేస్తాడా, మన గెలుపుకి సంతోషిస్తాడా. మెతకదనం అంటే ఆట మైదానంలో బలం చాలకపోవడం: అతనితో పోరు ఎంత తేలిక. ఇవి మూడూ కలిసే రావాలని ఎక్కడా లేదు.

2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ గేముల్లోని బ్యారీ హుషారుకి మారుపేరు. ఎప్పుడూ పరుగే, తలుపు తీసేలోపు మనకి గుద్దుకుంటాడు, ఆలస్యమైతే లక్షల్లో జరిమానా అంటాడు. కానీ స్టార్టర్ (ఆట మొదట్లో తీసుకునే తొలి జీవి) ఎంచుకునేటప్పుడు మనదాన్ని కొట్టగలిగేదే తీసుకుంటాడు. సరదా ఉంది, మెతకదనం లేదు. 2016లో వచ్చిన సన్, మూన్ గేముల్లోని హౌ సరదా మనిషి, మంచివాడు, మెతక కూడా. 2022 నాటి స్కార్లెట్, వయొలెట్ గేముల్లోని నెమోనా సరదా, మంచితనం రెండూ నిండుగా ఉన్న పిల్ల. అయినా చివరికి ఆ గేముల్లో ఛాంపియన్ కావడానికి నడిచే దారిలో అందరికంటే బలమైన టీమ్ ఆమెదే. "కొత్త రైవల్స్ అందరూ ఒకటే" అనే ఫిర్యాదు ఈ ముగ్గురినీ పక్కపక్కన పెడితే నిలబడదు. ఎక్కువమందికి చిరాకు తెప్పించేది మెతకదనం. నింద మాత్రం నవ్వు మీద పడుతోంది.

స్టార్టర్ ఎంపికలోనే సగం కథ

నిప్పు, నీరు, మొక్క. ఈ మూడు టైపుల్లో ఒకటి మనం తీసుకుంటాం. నీరు నిప్పుని, నిప్పు మొక్కని, మొక్క నీటిని కొడతాయి. 1996లో బ్లూ మన తర్వాత ఎంచుకుని, మనదాని మీద పైచేయి ఉన్నదే పట్టుకుపోతాడు. ఒక్క మాట కూడా అక్కర్లేకుండా అతని బుద్ధి ఏమిటో ఆ ఎంపికే చెప్పేస్తుంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ల్యాబ్‌లో జరిగే మొదటి పోరులో ఆ పైచేయి ఎందుకూ పనికిరాదు. లెవెల్ 5లో ఆ మూడింటికీ ఉన్నవి గీరడం, ఢీకొట్టడం లాంటి మామూలు దెబ్బలే. నిప్పు దెబ్బ లెవెల్ 9కి, నీటి దెబ్బ లెవెల్ 8కి, మొక్క దెబ్బ ఏకంగా లెవెల్ 13కి వస్తాయి. పైగా ఆ మొదటి పోరులో ఓడినా కథ ఆగదు. అంటే ముందు భయం చూపించి, అసలు దెబ్బ తర్వాతకి దాచారు. సెరూలియన్ ఊరి వంతెన దగ్గర లెవెల్ 17 స్టార్టర్‌తో ఎదురైనప్పుడు గానీ అతని ఎంపిక మనల్ని కరవదు.

2016 నుంచి వచ్చిన ఈ రైవల్స్‌లో ఇది తిరగబడింది. సన్, మూన్‌లో హౌ, 2019 నాటి స్వోర్డ్, షీల్డ్‌లో హాప్, ఆ తర్వాత నెమోనా, ముగ్గురూ మనదాని చేతిలో ఓడిపోయే టైపునే తీసుకుంటారు. ఇది ఎంత తేడా తెస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం.

మన దగ్గర నీటి జీవి, రైవల్ దగ్గర నిప్పు జీవి. ఇద్దరివీ లెవెల్ 15, సమానమైన శక్తులు (దాడికీ రక్షణకీ 25 చొప్పున), చెరో 40 ప్రాణాంకాలు (ఇవి అయిపోతే ఓటమి), దెబ్బ బలం 40 అనుకుందాం. దెబ్బను 85 నుంచి 100 శాతం మధ్య ఊపే అదృష్టపు భాగాన్నీ, జీవి రూపం మారడాన్నీ పక్కన పెడదాం. గేమ్ లెక్క ఇలా నడుస్తుంది: లెవెల్‌ని 2తో గుణించి 5తో భాగించి 2 కలిపితే 8. దాన్ని దెబ్బ బలం 40తో గుణించి 50తో భాగిస్తే, భిన్నం వదిలేసి, 6. మళ్లీ 2 కలిపితే 8. సొంత టైపు దెబ్బ కాబట్టి ఒకటిన్నర రెట్లు, 12. నీరు నిప్పు మీద రెండింతలు, 24. అదే నిప్పు నీటి మీద సగం, 6. మనకి 2 దెబ్బలు చాలు. అతనికి 7 కావాలి.

"లెవెల్ పెంచేస్తే సరిపోదా?" అనిపిస్తుంది. రైవల్‌ని లెవెల్ 19 చేద్దాం. శక్తులు 25 నుంచి సుమారు 30కి, ప్రాణాంకాలు 48కి పెరుగుతాయి. అప్పుడు అతని దెబ్బ 7, మనది 20. అతనికి 6 దెబ్బలు, మనకి 3. నాలుగు లెవెళ్లు ఎక్కువిచ్చినా మనమే రెండింతల వేగంతో గెలుస్తున్నాం. టైపు ఎంపికలో పోగొట్టుకున్నది లెవెల్‌తో తిరిగి రాదు. దాన్ని పూడ్చాలంటే మన నీటి జీవిని కొట్టే విద్యుత్ జీవో మొక్క జీవో రైవల్ టీమ్‌లో ఉండాలి. నెమోనా టీమ్‌లో మొదట్లోనే పామీ అనే విద్యుత్ జీవి చేరడం ఈ కోణంలో చూస్తే మంచి పని, నీటి స్టార్టర్ తీసుకున్నవాళ్లకి కాస్త చెమట పడుతుంది.

మరి ఆ పైచేయి టైపు ఎటు పోయింది? పోలేదు, చేతులు మారింది. సన్, మూన్ చివరి పోరులో ప్రొఫెసర్ కుకూయి దగ్గర ఉంటుంది. స్వోర్డ్, షీల్డ్‌లో ఛాంపియన్ లియాన్ దగ్గర, స్కార్లెట్, వయొలెట్‌లో బడి డైరెక్టర్ క్లావెల్ దగ్గర. మూడు చోట్లా ఒక పెద్దమనిషి చేతికి వెళ్లింది. బడి పిల్లలు మొదటి గంటలోనే ఇరుక్కుపోకుండా చూడటం, అసలు పరీక్షను చివరికి దాచడం డిజైన్‌పరంగా అర్థమయ్యే సంగతే. కానీ ఆ పని జరగడానికి మూల్యం చెల్లించింది రైవల్. తోటివాడికి ఉండాల్సిన కోర తీసి పెద్దవాళ్లకి పెట్టారు.

ఎప్పుడూ ఓడిపోయేవాణ్ని ఎలా నమ్మించాలి?

సరదా రైవల్‌ని రాయడంలో అన్నిటికంటే గట్టి ముడి ఇది. మనం గెలిస్తేనే కథ ముందుకి సాగుతుంది. కాబట్టి రైవల్ ప్రతిసారీ ఓడాలి. పొగరుబోతుకి ఇది ఇబ్బంది కాదు, ప్రతి ఓటమీ అతని పొగరుకి తగిలే దెబ్బే, మనకి తమాషాయే. కానీ ఎనిమిదిసార్లు ఓడి ఎనిమిదోసారి కూడా "భలే ఆడావ్!" అని నవ్వేవాడి గురించి రెండే రకాలుగా అనుకుంటాం: వీడికి పోటీయే పట్టదు, లేదా వీడికి బుర్ర లేదు. రెండూ పాత్రను చంపేసేవే. ఈ ముడిని గేములు కనీసం నాలుగు రకాలుగా విప్పాయి.

ఒకటి, మన కళ్లకి కనపడని చోట గెలిపించడం. బ్లూ మన చేతిలో ఎన్నిసార్లు ఓడినా మనకంటే ముందే ఛాంపియన్ గద్దె ఎక్కి కూర్చుంటాడు. లెవెల్ 65 స్టార్టర్‌తో మన కోసం ఎదురుచూస్తుంటాడు. ఇది పొగరుబోతుకే కాదు, నవ్వేవాడికీ అంతే బాగా సరిపోయే పద్ధతి. ఎందుకో సరదా రైవల్స్‌కి దీన్ని అరుదుగా వాడారు.

రెండు, మొదటినుంచే మనకంటే పైన నిలబెట్టడం. నెమోనా కథ మొదలయ్యేసరికే ఛాంపియన్ హోదాలో ఉంటుంది. మన కోసం కొత్త టీమ్‌ని సున్నా నుంచి పెంచుతుంది. కాబట్టి తొలి పోరుల్లో ఆమె ఓడితే తగ్గి ఆడిందని మనకి తెలుసు. ఆమె నవ్వుకి కారణం కూడా దొరుకుతుంది: తనతో సమానంగా పోరాడేవాళ్లు చుట్టుపక్కల లేరు, మనలో అలాంటి ఒకరు తయారవుతున్నారని ఆశ. ఆ ఉత్సాహం మన మీద ప్రేమ కంటే పోరు మీద ఆకలి. అందుకే అది నమ్మకంగా ఉంటుంది, ఒక్కోసారి కొంచెం భయంగా కూడా. చివరికి ఆ మాట అంకెల్లో నిలబెట్టారు: లీగ్ అధినేత్రి గీటా టీమ్ 61, 62 లెవెళ్ల దగ్గర ఆగితే, ఆమె తర్వాత మెసగోజా నగరంలో ఎదురయ్యే నెమోనా టీమ్ 65, స్టార్టర్ 66. తగ్గి ఆడుతున్నానన్న మనిషి తగ్గకుండా ఆడినప్పుడు ఎలా ఉంటుందో చూపించకపోతే మొదటి పోరులన్నీ ఒట్టి కబుర్లుగా మిగిలేవి.

మూడు, మన చేతిలో కాకుండా ఇంకొకరి చేతిలో ఓడించడం. బ్యారీ అక్యూటీ సరస్సు దగ్గర విలన్ ముఠాకి చెందిన జూపిటర్ చేతిలో ఓడి, కాపాడాల్సినదాన్ని కాపాడలేకపోతాడు. అప్పటిదాకా నోరు మూతపడని కుర్రాడు అక్కడ నీరుగారిపోతాడు. తర్వాత స్పియర్ పిల్లర్ అనే కొండ శిఖరం మీద మన పక్కన నిలబడి జంటగా పోరాడినప్పుడు పాత హుషారులో కొత్త బరువు వినిపిస్తుంది. అంతకుముందు ఎంత గట్టిగా నవ్వితే ఈ ఒక్క నిశ్శబ్దం అంత పెద్దగా వినపడుతుంది.

నాలుగోది హాప్ దారి. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తిట్లు ఎక్కువ తిన్నదీ ఇదే, లోతు ఎక్కువున్నదీ ఇదే. హాప్ అన్నయ్య లియాన్ ఓటమి ఎరగని ఛాంపియన్. హాప్ సరదా అంతా ఆ నీడలో పుట్టింది: అన్నలా అవుతానన్న నమ్మకం. మధ్యలో బీడ్ అనే మరో పోటీదారు హాప్‌ని ఓడించి, నీ ఆట మీ అన్న పేరుకే మచ్చ అని అనేస్తాడు. ఆ తర్వాత హాప్ మాటల్లో నవ్వు ఉంటుంది కానీ టీమ్ తడబడుతుంది. స్టో ఆన్ సైడ్ ఊళ్లో ఎదురైనప్పుడు మొదటినుంచీ వెంట ఉన్న గొర్రె జీవి వూలూ కనపడదు. దాని బదులు క్రామొరాంట్, టాక్సెల్ లాంటి కొత్త ముఖాలు. ఆ తర్వాత ఇంకో చోట మళ్లీ ఇంకో కూర్పు. స్నేహితుడు దిగులుగా ఉన్నాడని డైలాగ్ చెప్పేలోపే పోరు తెర మీద ఆ జాబితా చెప్పేస్తుంది. ఛాంపియన్ కప్ సెమీ ఫైనల్‌కి వచ్చేసరికి ఆ వూలూ పెరిగి డబ్‌వూల్‌గా మళ్లీ జట్టులో ఉంటుంది. అంటే ఎవరిలాగో ఆడటం మానేశాడు. కథ ముగిశాక ప్రొఫెసర్ కావాలని నిర్ణయించుకుని ప్రొఫెసర్ సోనియా దగ్గర సహాయకుడిగా చేరతాడు.

ఇంత మంచి గీతకి ఎందుకు తిట్లు పడ్డాయి? ఒక కారణం పైన వేసిన లెక్కే, స్టార్టర్ మన దెబ్బకి రెండింతలు లొంగుతుంది. రెండో కారణం, గేమ్ మొదట్లో ఊరి ప్రతి మలుపులో ఎదురై దారి చూపించే పని కూడా హాప్ మీదే పెట్టారు. గైడు, రైవల్ ఒకే మనిషైతే రైవల్ ఓడిపోతాడు. మనం ఎటో వెళ్దామనుకున్నప్పుడు ఆపేవాడు ఎంత నవ్వినా చిరాకే.

గబ్బిలం చెప్పిన సంగతి

జట్టు జాబితాతో మనసు చెప్పడం హాప్‌తో మొదలవలేదు. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ గేముల్లో సిల్వర్ అనే రైవల్ ల్యాబ్ నుంచి జీవిని దొంగిలించినవాడు, బలహీనులంటే గిట్టనివాడు. అతని దగ్గర గోల్‌బ్యాట్ అనే గబ్బిలం ఉంటుంది. అది క్రోబ్యాట్‌గా మారాలంటే లెవెల్ చాలదు, యజమాని మీద మమకారం పెరగాలి. కథ చివరి తర్వాతి పోరుల్లో అతని దగ్గర క్రోబ్యాట్ కనిపిస్తుంది. మారిపోయానని ఒక్క ముక్క చెప్పకుండానే చెప్పడం అంటే ఇది. సిల్వర్ సరదా రైవల్ కాదు నిజమే. కానీ నవ్వే మనిషి లోపలి మాట చెప్పడానికి ఈ పద్ధతి ఇంకా ఎక్కువ పనికొస్తుంది. నవ్వేవాళ్లు లోపలిది నోటితో చెప్పరు కదా.

పొగడ్త ఎక్కడ బెడిసికొడుతుంది

బావా బావమరుదుల వేళాకోళం గుర్తు తెచ్చుకోండి. అందులో ప్రేమ ఉంటుంది, కానీ ఎవరూ ఎదుటివాణ్ని పొగుడుతూ కూర్చోరు. గిల్లుతారు, పందెం కాస్తారు, ఓడితే మళ్లీ రమ్మంటారు. బ్యారీ జరిమానా ఆ బాపతు మాట. దాంట్లో అతని తొందర, అతని కోరిక, అతని గొడవే ఉన్నాయి. మన ప్రస్తావన ఆలస్యం వరకే.

దీనికి ఎదురుగా, ప్రతి పోరు తర్వాతా నువ్వెంత గొప్పవాడివో అని మెచ్చుకునే రైవల్ మాటలు మన చుట్టూ తిరుగుతాయి. రెండుసార్లు బాగుంటుంది. మూడోసారికి అతనికి సొంత బతుకు లేదనిపిస్తుంది. పోరుకి ముందు మన జీవులకి వైద్యం చేసే రైవల్‌తోనూ ఇదే పేచీ. దారి పొడవునా అలసిపోయి వచ్చినవాడి మీద పడితే అన్యాయం, కాబట్టి వైద్యం చేయడం న్యాయమే. కానీ అదే చేత్తో పోరులోని గండాన్ని తీసేస్తున్నాడు. హౌ విషయంలో పిండివంట మలసాడాల మీద యావ అతన్ని కొంత కాపాడింది. అది మనతో సంబంధం లేని ఇష్టం. అయితే తిండి ఇష్టం ఒక్కటే గమ్యం కాలేదు. అందుకేనేమో 2017 నాటి అల్ట్రా సన్, అల్ట్రా మూన్‌లో కుకూయి స్థానంలో చివరి ప్రత్యర్థిగా హౌనే నిలబెట్టారు.

"పాతవాళ్లే నయం" అనే వాదనలో బలమెంత?

పొగరుబోతు రైవల్‌ని కోరేవాళ్లు అడిగేది నిజానికి కారణం. ఇతన్ని ఎందుకు ఓడించాలి? బ్లూ విషయంలో జవాబు వెంటనే దొరుకుతుంది. స్నేహితుడైతే ఆ మంట ఉండదు. ఇది గట్టి వాదన. అవతలివాళ్లు చెప్పేదీ గట్టిదే: పది పన్నెండేళ్ల పిల్లలు నిజంగా ఆడుకునేది స్నేహితులతోనే, వాళ్ల మధ్య పోటీకి ద్వేషం అక్కర్లేదు. పైగా ఒకే రకం పొగరు ఆరు గేముల్లో చూస్తే అదీ విసుగే.

గేములు చాలాకాలంగా ఈ రెండు పనులనీ ఇద్దరికి పంచి సర్దుకొచ్చాయి. హౌ పక్కన ముళ్ల స్వభావం గ్లాడియన్. హాప్ పక్కన బీడ్, మార్నీ. 2010 నాటి బ్లాక్, వైట్‌లో ఇది ఇంకా నేర్పుగా జరిగింది. మన ఇద్దరు స్నేహితుల్లో షెరెన్ పైచేయి స్టార్టర్, బియాంకా లొంగిపోయే స్టార్టర్ తీసుకుంటారు. బియాంకా నవ్వుతూ తుళ్లుతూ ఉండే పిల్ల. తన జీవిని దొంగలు ఎత్తుకుపోతారు, తండ్రి ఇంటికి రమ్మంటాడు, అందరిలా బలవంతురాలిని కాలేనని మెల్లగా తెలుసుకుంటుంది. ఇక్కడ మెతక స్టార్టర్ తప్పు కాదు, అదే ఆమె కథ. హౌకి లోటైన అంకెలే బియాంకాకి కథయ్యాయి.

పంచుకోవడం ఒక్కోసారి బెడిసికొడుతుంది. 2002 నాటి రూబీ, సాఫైర్‌లో ప్రొఫెసర్ బిర్చ్ బిడ్డ మన రైవల్. మనం అమ్మాయిగా ఆడితే బ్రెండన్, అబ్బాయిగా ఆడితే మే. హాయిగా నవ్వే మనుషులే. కానీ చివరి పోరు లిలీకోవ్ ఊళ్లో, మూడు రూపాల్లో ఇంకా మధ్యదానిలోనే ఉన్న స్టార్టర్‌తో ముగిసిపోతుంది. ఛాంపియన్ దగ్గరికి వెళ్లే చివరి దారి విక్టరీ రోడ్‌లో మనకోసం కాచుకుని ఉండేది ఆరోగ్యం బాగోలేక మొదట్లో మన సాయం తీసుకున్న పిల్లవాడు వాలీ. అతనికి ఆ చోటు దక్కడం న్యాయమే. మే మాత్రం పోటీ మధ్యలో వదిలేసిన మనిషిలా మిగిలిపోయింది.

పోకెమాన్ బయట ఇద్దరు

1992లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ ఐదో భాగంలో గిల్గమేష్ శత్రువు సేనలోని యోధుడు. బడాయి ఎక్కువ, ఓడిపోతుంటే ఏదో సాకు చెప్పి పారిపోతాడు. మహాఖడ్గం అనుకుని గర్వంగా దూసిన కత్తి మనకి చేసే నష్టం 1. ఆ ఒక్క అంకెతో పేలిన హాస్యం పది డైలాగులకి రాదు. మంచితనం లేని సరదా అతనిది, చాలావరకు. చివర్లో మాత్రం మనవైపు తిరిగి ఒక భయంకర శత్రువు మీద తన ప్రాణమే ఆయుధంగా విసురుతాడు.

2015లో వచ్చిన అండర్‌టేల్‌లో పాపిరస్ ఇంకో రకం. మనల్ని పట్టి ఇస్తే రాజభటుల దళంలో చోటు, దాంతో బోలెడు స్నేహితులు దొరుకుతారని ఆశ. కోరిక పూర్తిగా అతనిదే. పోరులో మన ఆత్మని నీలం రంగులోకి మార్చి బరువు తగిలిస్తాడు, అప్పటిదాకా తేలిన మనం ఎముకల మీదుగా గెంతాల్సి వస్తుంది. కొత్తవాళ్లకి ఇది కష్టమే. కానీ అతను మనల్ని చంపడు. ఓడిపోతే బంధిస్తాడంతే, మనం తప్పించుకుని మళ్లీ రావచ్చు. మూడుసార్లు పట్టుబడితే పోరు వదిలేసి ముందుకెళ్లే వీలు కూడా ఇస్తాడు. పోరు కష్టం తగ్గించకుండానే ఓటమి శిక్ష తగ్గించారు. మెతకదనం లేకుండా మంచితనం చూపించడానికి ఇంతకంటే శుభ్రమైన కూర్పు దొరకడం కష్టం.

అదే గేమ్‌లో ఎదురైన ప్రతి జీవినీ చంపుకుంటూ వచ్చే దారి ఒకటుంది. ఆ దారిలో పాపిరస్ అసలు పోరాడడు. చేతులు చాచి, నువ్వు మారగలవంటాడు. కొడితే ఒక్క దెబ్బకే పోతాడు. పోతూ కూడా మన మీద నమ్మకముందనే చెప్తాడు.